ముప్ఫై రెండు వాసాలు

మా టామరాక్ కౌంటీలో గొడ్లకి కప్పు వెయ్యాలంటే ఎవరినీ అడగక్కర్లేదు. నాలుగు గుంజలు పాతి, పైన రేకులు పరిచి, లోపలికి తోలేసుకోవడమే. అదే మనిషి పడుకునే ఇల్లయితే మాత్రం కౌంటీ ఆఫీసు కిటికీ ముందు నిలబడి పర్మిట్టు రాయించుకోవాలి, ఆ పసుప్పచ్చ కార్డు రోడ్డుకి కనబడేలా తగిలించుకోవాలి, ఒక్కో పని అయ్యాక ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి దాని మీద సంతకం పెట్టాలి. ఆరు నెలల్లో ఒక్క సంతకమైనా పడకపోతే పర్మిట్టు చచ్చిపోతుంది. ఆవులకి ఈ గొడవలేవీ లేవు. అందుకే మా వైపు ఆవుల మొహాలు మనుషుల మొహాల కంటే నిదానంగా ఉంటాయి.

ఆర్డిస్ లింక్విస్ట్ ఈ మాటని నవ్వుతూ అనేది కాదు. ఆవిడకి అరవై మూడేళ్లు. గట్టు మీద ఆవిడ ఇల్లు మొదలుపెట్టి పదకొండేళ్లయింది, గోడల దాకా లేచి అక్కడే ఆగిపోయింది. ముందు మెట్లున్నాయి. మెట్ల పక్కన పట్టుకోవడానికి నున్నగా చిత్రిక పట్టిన కమ్మీ ఉంది. తలుపుంది, తలుపుకి ఇత్తడి పిడి ఉంది. కప్పే లేదు. చలికాలం వచ్చేముందు గోడల మీద నీలం టార్పాలిన్లు కట్టడం, మంచు కరిగాక విప్పడం, ఏటా ఇదే సంబరం. ఊళ్లో వాళ్లు కొత్తవాళ్లకి దారి చెప్పేటప్పుడు కూడా "కమ్మీ ఉండి కప్పు లేని ఇల్లు దాటాక ఎడమకి తిరుగు" అనేవాళ్లు. విన్న ప్రతిసారీ ఆవిడకి ఒళ్లు మండేది.

కాపురం గట్టు కింద, చక్రాల మీద తెచ్చి దింపిన పాత ట్రైలర్ ఇంట్లో. చెయ్యెత్తితే తగిలే సీలింగు. వాన పడితే ఒకచోట గిన్నె, ఇంకోచోట బకెట్టు. మంచం మీద వెల్లకిలా పడుకుంటే కనిపించేవి నీటి మరకలు. చూసి చూసి అవి ఆవిడకి కంఠతా వచ్చేశాయి. ఎండ కాసే రోజుల్లో మడత కుర్చీ చంకన పెట్టుకుని గట్టెక్కి, పడగ్గది కావలసిన చోట వేసుకుని కూర్చునేది. తూర్పు కిటికీలోంచి చూస్తే ఎదురు కొండంతా టామరాక్ చెట్లే. అక్టోబరులో ఆ కొండ పసుపు పూసినట్టుంటుంది. మంచం ఇక్కడ, తల అటువైపు, లేవగానే కిటికీ. ఇదంతా మొగుడూ పెళ్లాం ఎప్పుడో కుదుర్చుకున్నారు. ఒక్క రాత్రి, ఒక్కటంటే ఒక్క రాత్రి ఆ గదిలో, వెర్లిన్ వేసిన కప్పు కింద కన్ను మూసి, తెల్లారి లేవాలి. ఆవిడకి ఇంకే కోరికా మిగల్లేదు.

వెర్లిన్ ఆవిడ మొగుడు. పోయి రెండు చలికాలాలైంది. ఫిబ్రవరిలో గొడ్లకి గడ్డి వేస్తూ వేస్తూ మోపు మీద కూర్చున్నాడు, మళ్ళీ లేవలేదు. పొడుగాటి మనిషి, మాట పొదుపు. ఇంటికి కావలసిన వాసాలు ముప్ఫై రెండూ మొదటి చలికాలంలోనే కొలిచి, కోసి, కొట్టంలో వరసగా పేర్చిపెట్టాడు. ఆ రోజుల్లో రంపం ఆగినప్పుడల్లా ఈల వినిపించేది. ఒకటి రెండేళ్లు గోడల పనిలో గడిచిపోయాయి. ఆ తర్వాత ఏం పుట్టిందో ఏమో, వాసాల జోలికి పోవడం మానేశాడు. ఎప్పుడు అడిగినా ఒకటే మాట.

"వచ్చే ఏడు, ఆర్డీ."

పర్మిట్టుని మాత్రం చావనిచ్చేవాడు కాదు. ఆరు నెలలకోసారి ఏదో ఒక చిన్న పని చేసి ఇన్‌స్పెక్టర్ని పిలిచేవాడు. ఒకసారి మెట్లు. ఒకసారి మెట్లకి కమ్మీ. ఇంకోసారి కిటికీ చట్రాలు, ఆ తర్వాత నేల కింద గొట్టాలు. ఇన్‌స్పెక్టరు వచ్చి సంతకం పెట్టి పోయేవాడు. కప్పు లేని ఇంటికి ఇన్ని సంతకాలు మా కౌంటీలో ఇంకెవరికీ లేవు, ఉండబోవు.

ఇది చాలదన్నట్టు పలకల గొడవొకటి. ప్రతి అక్టోబరులో దూడల్ని వేలానికి తోలుకెళ్లి తిరిగొచ్చేటప్పుడు, ట్రక్కులో నాలుగు కొత్త చెక్క పలకలు తెచ్చేవాడు. చివరి రెండేళ్లూ మూడేసే తెచ్చాడు. ఎవరూ చూడట్లేదనుకుని వాటిని కొట్టంలో గడ్డి మోపుల వెనక గోడవారగా అడ్డంగా చేర్చేవాడు. మా ఆర్డిస్ కళ్లు ఎలాంటివో నలభై ఏళ్లు కాపురం చేసీ తెలుసుకోలేదు పాపం.

"ఆ పలకలెందుకు?"

"గొడ్ల దొడ్డికి పనికొస్తాయిలే."

అంతే, ఆవిడ అగ్గిమీద గుగ్గిలమయ్యేది. "గొడ్లకి కొత్త పలకలు, నాకు నీలం టార్పాలినా? ఆ ఆవుల్నే చేసుకోవాల్సింది, నన్నెందుకు చేసుకున్నావ్!"

వెర్లిన్ టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని బయటికి పోయేవాడు. అలా అలా ఆవిడ మనసులో ఒక అనుమానం పాతుకుపోయింది. ఈ మనిషికి నాతో ఆ ఇంట్లో ఉండాలని లేదు, ఉంటే ఎప్పుడో వేసేవాడు. ఆ అనుమానంతోనే మొగుణ్ణి సాగనంపింది. ఏడుద్దామంటే కోపం అడ్డొచ్చేది, తిడదామంటే ఎదురుగా మనిషి లేడు. ఆ వసంతంలో పక్కింటి రాస్కోని పిలిచి, "గొడ్ల కోసమే కదా తెచ్చాడు, గొడ్లకే కొట్టు" అని దొడ్డి కంచెకి ఏడు పలకలు కొట్టించింది. రాస్కో వెర్లిన్ కంటే చిన్నవాడు, మంచివాడే గానీ బద్ధకస్తుడు. "కొయ్యడం దండగ వదినా" అని పలకల్ని ఉన్న పొడుగున అలాగే అడ్డంగా కొట్టేసి, చేతులు దులుపుకుని పోయాడు.

అయినా పర్మిట్టు వదులుకోవడానికి ఆవిడకి చేతులు రాలేదు. ఆరు నెలలకోసారి తనే వెళ్లి గడువు పెంచమని అర్జీ పెట్టుకునేది. ఈ సెప్టెంబరులో వెళ్తే, కిటికీ వెనక కూర్చునే నడీన్ అర్జీ అందుకోలేదు.

"పిన్నీ, ఇంక కుదరదు. జనవరి ఒకటి నించి కొత్త రూల్సు. కప్పు ఎంత మంచు మొయ్యాలో ఆ లెక్క పెంచేశారు. ఈ ఏడాది దాటేలోగా మీ వాసాల మీద సంతకం పడితే పాత లెక్కే నడుస్తుంది. పడకపోతే పర్మిట్టు రద్దు."

"పోతే పోయింది, కొత్తది రాయి తల్లీ. నీ చేతిలో పనే కదా."

"రాస్తా. కానీ కొత్త లెక్కకి మీ వాసాలు చాలవు పిన్నీ. అవి పారేసి లావువి తెచ్చుకోవాలి."

"అవి వెర్లిన్ కోసినవే."

నడీన్ కిటికీ మీదున్న సీసాలోంచి ఒక పిప్పరమెంటు తీసి ఆవిడ చేతిలో పెట్టింది. ఆ పిల్ల చేతిలో ఉన్న అధికారం అంతవరకే.

"ఇంకో సంగతి పిన్నీ. వాసాలు నిలబెట్టగానే మీ వాళ్లు పైన చెక్కలు పరిచేస్తారు, నాకు తెలుసు. పరచనివ్వకండి. ఇన్‌స్పెక్టరు హోయ్ట్ గారు వాసాల్ని బోసిగా చూడాలి. కప్పేశారంటే అంతా విప్పిస్తారు. మీ వైపు మంగళవారం తప్ప రారు కూడాను."

ఆర్డిస్ ఇంటికొచ్చి ఒక్క రాస్కోకి చెప్పింది. మా వైపు జనానికి ఒక గుణం ఉంది. పిలవందే రారు, పిలిచాక ఆగరు. అక్టోబరు రెండో శనివారం పొద్దున్నే గట్టు మీదికి ట్రక్కులు బారులు తీరాయి. పద్నాలుగు మంది మగాళ్లు, నిచ్చెనలు, తాళ్లు. ఆడవాళ్లు హామ్ శాండ్‌విచ్‌లు, బంగాళాదుంప సలాడు, పెద్ద ఫ్లాస్కులతో కాఫీ తెచ్చారు. ఆర్డిస్ రాత్రంతా కూర్చుని హకిల్‌బెర్రీ పండ్లు కూరి పైలు ఆరు కాల్చింది. ముందు నడినెత్తి దూలం లేపారు. తర్వాత అటొకటి ఇటొకటి, జతలు జతలుగా వెర్లిన్ వాసాలు పైకి లేస్తుంటే ఆవిడ కాఫీ పోస్తూ పోస్తూ కప్పు పొంగించేసింది. ఒక్కో వాసం గోడ మీద ఎంత చక్కగా కూర్చుందో! ఒక్కటీ జరగలేదు, ఒక్కటీ ఊగలేదు.

"వెర్లిన్ అన్న చెయ్యంటే చెయ్యి!" అన్నాడు రాస్కో పైనించి. "జీను మీద రౌతు కూర్చున్నట్టు కూర్చుంటున్నాయి చూడు వదినా."

మధ్యాహ్నం మూడింటికల్లా ముప్ఫై రెండూ నిలబడ్డాయి. రాస్కో ఆకాశం వైపు చూసి చేతులు రుద్దుకున్నాడు. "ఇంకా వెలుతురుంది. పైన చెక్కలు కూడా కొట్టేస్తే పోలా?"

ఆర్డిస్ వెళ్లి మేకుల పెట్టె మీద కూర్చుంది.

"లే వదినా."

"లేవను. హోయ్ట్ వచ్చి చూసిందాకా ఒక్క మేకు పైకెక్కిందా, నీ కాలు విరగ్గొడతా."

"మంచు పడితేనో?"

"పడనీ. చేతనైతే నన్ను లేపు."

"నిన్ను లేపాలంటే ఇంకో పద్నాలుగు మందిని పిలవాలి," అన్నాడు రాస్కో. అందరూ గొల్లుమన్నారు. ఆవిడా నవ్వింది. వెర్లిన్ పోయాక ఆ గోడల మధ్య ఆవిడ నవ్వడం అదే మొదలు.

అందరూ వెళ్లాక, పొద్దు వాలే వేళ, మడత కుర్చీ పడగ్గదిలో వేసుకుని పైకి చూసింది. ఇన్నాళ్లూ ఒకటే ముక్కగా కనిపించిన ఆకాశం ఇప్పుడు చీలికలు చీలికలుగా కనిపిస్తోంది. "నిలబడ్డాయి వెర్లిన్," అంది పైకే. ఎన్నేళ్ల నించో గొంతులో ఉన్న కోపం కొంచెం కరిగినట్టయింది. దాని చోట్లోకి మనిషి మీద బెంగ వచ్చి కూర్చుంది. పక్కన ఇంకో కుర్చీ ఉంటే ఎంత బాగుండేదో అనిపించి, ఎక్కువసేపు కూర్చోలేకపోయింది.

మంగళవారం హోయ్ట్ ప్రూయెట్ వచ్చాడు. యాభై దాటిన మనిషి, చెవిలో పెన్సిలు, నడుముకి టేపు. పద్దెనిమిదేళ్లుగా మా కౌంటీలో ఆయన సంతకం లేకుండా ఎవరి ఇల్లూ ఇల్లు కాలేదు. మెట్ల మీద కూర్చుని ఆర్డిస్ పెట్టిన హకిల్‌బెర్రీ పై రెండు ముక్కలు తిన్నాడు, బాగుందన్నాడు, మూతి తుడుచుకున్నాడు. నిచ్చెనెక్కి, ఆవిడ వాసాలే లెక్కపెట్టడం మొదలెట్టాడు. మొదటి వాసం దగ్గర టేపు లాగాడు. రెండోదాని దగ్గర లాగాడు. నాలుగైదు చూసి దిగిపోయేవాడే మామూలుగా. ఆ రోజు ముప్ఫై రెండూ కొలిచాడు. కింద నిలబడిన ఆర్డిస్‌కి మెడ నొప్పి పుట్టింది.

దిగొచ్చి కార్డు చేతిలోకి తీసుకున్నాడు గానీ చెవిలో పెన్సిలు తియ్యలేదు.

"ఆర్డిస్ అమ్మా, కూర్చో."

"నిలబడే వింటా. చెప్పు."

"సంతకం పెట్టలేను."

"ఎందుకని?"

"వాసం గోడ మీద ఆనే చోట గంటు కొడతారు కదా. ఆ గంటు వాసం వెడల్పులో నాలుగో వంతు దాటకూడదు. దాటితే అక్కడ బలం పోతుంది. నాలుగడుగుల మంచు కూర్చుందంటే సరిగ్గా అక్కడే చీలుతుంది. వెర్లిన్ కొట్టిన గంటు సగానికి కొంచెం తక్కువ. అన్నీ అంతే."

"మా మామగారు కట్టిన కొట్టం డెబ్బై ఏళ్లుగా నిలబడే ఉంది! వెర్లిన్ ఆయన దగ్గర నేర్చుకున్నదే ఈ పని!"

"కొట్టం గోడ సన్నం, అందుకని గంటు చిన్నది. ఇక్కడ గోడ ఆరంగుళాల మందం. కొట్టాల్లో చేసినట్టే వాసం గోడ నిండా ఆనాలని లోపలికంటా కోసేశాడు. కొట్టాలు కట్టి చెయ్యి తిరిగిన వాళ్లంతా ఇదే పొరపాటు చేస్తారమ్మా. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. అసలు గోడ అంత మందం ఎందుకు పెట్టారు?"

గోడలు మందంగా కట్టమన్నది ఆవిడే. నాకు చలి ఆగదు వెర్లిన్ అని పట్టుబట్టి కట్టించుకుంది.

అంతలోనే కోపం ముంచుకొచ్చింది. "ఏళ్ల తరబడి వచ్చి మెట్లు చూశావ్, కమ్మీ చూశావ్, కాఫీలు తాగావ్! ఒక్కసారి ఆ కొట్టంలోకి తొంగిచూసి ఈ ముక్క ఆయన చెవిన వేసి ఉంటే నీ సొమ్మేం పోయేది? ఇప్పుడు మనిషి పోయాక వచ్చి తప్పులు పడుతున్నావా?"

హోయ్ట్ కార్డు అటూ ఇటూ తిప్పాడు. "ఆయనకి తెలుసమ్మా."

"ఏం తెలుసు?"

"తొమ్మిదేళ్ల కిందట ఆఫీసుకొచ్చాడు. 'మా స్నేహితుడొకడు వాసాలు కోసుకున్నాడు, గంటు ఎంత లోతు ఉండొచ్చో కనుక్కోమన్నాడు' అన్నాడు. పుస్తకం తీసి బొమ్మ చూపించా. చాలాసేపు చూశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. 'సరే, చెప్తా వాడికి' అని టోపీ పెట్టుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి మళ్ళీ వెనక్కొచ్చి, 'మా మెట్లకి కమ్మీ పెడతాను, వచ్చి చూసి సంతకం పెడతావా' అన్నాడు. వెర్లిన్‌కి స్నేహితులెవరున్నారమ్మా? నాకప్పుడే అర్థమైంది. అందుకే ఆయన ఏది చూపిస్తే దానికి సంతకం పెట్టుకుంటూ వచ్చా."

"నాతో చెప్పకూడదా?"

"ఆయన చెప్పుకోలేనిది నేనెలా చెప్తాను? ముప్ఫై రెండూ పాడుచేశానని ఏ మొహం పెట్టుకుని చెప్తాడు నీకు? నువ్వా, ఆ కప్పు కోసం రోజులు లెక్కపెట్టుకుంటున్నావాయె."

ఆర్డిస్ మెట్టు మీద కూలబడింది. పక్కనే కమ్మీ. దాన్ని పట్టుకుంది. ఊళ్లో వాళ్ల నోళ్లలో నానిన కమ్మీ, ఆవిడ తొమ్మిదేళ్లు అసహ్యించుకున్న కమ్మీ. ఎంత నున్నగా ఉందో అది.

"ఇప్పుడేం చెయ్యాలి?" అంది చివరికి.

"దించేసి కొత్తవైనా పెట్టాలి, లేదా ఒక్కో వాసం పక్కన ఇంకో నిండు పలక పెట్టి, సరైన గంటు కొట్టి, రెండింటినీ కలిపి మేకులు దిగెయ్యాలి. పద్దెనిమిది అడుగుల పొడవు, వీటంత వెడల్పు. పలక మీద మిల్లు ముద్ర కనబడాలి, రాస్కో సొంతంగా కోసుకున్న చెక్క తెచ్చి పెడితే ఒప్పుకోను. ముప్ఫై రెండు కావాలి. వచ్చే మంగళవారానికి మంచు అంటున్నారు. మంచు మొదలైందంటే మళ్ళీ ఏప్రిల్ దాకా ఇక్కడెవరూ పని చెయ్యలేరు."

హోయ్ట్ వెళ్లిపోయాడు. ఆర్డిస్ కమ్మీ పట్టుకునే చాలాసేపు కూర్చుంది. పద్దెనిమిది అడుగులు. ఆ మాట దగ్గర మనసు ఆగిపోయింది. ఉన్నట్టుండి లేచి, టేపు పట్టుకుని కొట్టంలోకి నడిచింది. గడ్డి మోపులు ఒక్కొక్కటే ఈడ్చి అవతల పడేసింది. వెనక పలకలు గోడవారగా అడ్డంగా ఆనించి ఉన్నాయి. చివర టేపు తగిలించి లాగింది. పద్దెనిమిది. రెండోది పద్దెనిమిది. అన్నీ పద్దెనిమిదే. వెడల్పు కూడా అంతే. గొడ్ల దొడ్డికి పద్దెనిమిది అడుగుల పలక ఎవడు కొంటాడు? ఎవడూ కొనడు. నలభై ఏళ్లు పశువులతో బతికిన మనిషి, ఈ మాత్రం తట్టలేదు తనకి.

ఆ గడ్డిలోనే చతికిలబడి ఏడ్చింది. రెండేళ్లుగా రాని ఏడుపంతా వచ్చింది. "పిచ్చి మనిషీ, ఒక్క మాట చెప్పుంటే ఏం పోయింది! తిట్టేదాన్ని. ఓ పూట తిట్టి ఊరుకునేదాన్ని కదా!" అని గోడకి ఆనిన పలకల్తో అంది. ఆవులు ఇటు తిరిగి చూసి, మళ్ళీ గడ్డిలో మూతులు పెట్టాయి.

లెక్కపెడితే పంతొమ్మిది ఉన్నాయి. మిగతా ఏడూ తనే దొడ్డి కంచెకి కొట్టించింది.

మర్నాడు పొద్దున రాస్కో వచ్చేసరికి దొడ్డి కంచె సగం ఊడి ఉంది. గడ్డపారతో పలకలు పీకి, వరసగా పరిచి, వేణ్ణీళ్ల బకెట్టు, గట్టి బ్రష్షుతో ఆర్డిస్ వాటిని తోముతోంది. రెండేళ్ల పేడ.

"ఏంటొదినా, కంచెకి తలంటు పోస్తున్నావా?"

"నోరు మూసుకుని ఆ రెండో బ్రష్షు తీసుకో."

సంగతంతా చెప్పింది. రాస్కో నోరు నిజంగానే మూతపడింది. కాసేపు తోమాక, "ఆ రోజు బద్ధకించి కొయ్యకపోవడమే మంచిదయింది కదా వదినా?" అన్నాడు మెల్లిగా.

"నీ జన్మలో చేసిన మంచి పని అదొక్కటే. తోము."

ఆరింటి మీద మిల్లు ముద్ర తొందరగానే బయటపడింది. ఏడోదాని మీద ఎంతకీ కనబడలేదు. రాస్కో వదిలెయ్యమన్నాడు. ఆవిడ వినలేదు. వేళ్ల కణుపులు ఒరుసుకుపోయి నెత్తురు చిమ్ముతున్నా తోముతూనే ఉంది. మధ్యాహ్నానికి ఒక మూల నల్లటి గీతలు తేలాయి, ముద్రలో సగం. సగం చాలని హోయ్ట్ ఫోన్లో అన్నాడు. తక్కువ పడిన ఆరూ రాస్కో తన ట్రక్కు షెడ్డు కోసం ఎప్పుడో కొని దాచుకున్నవి, ముద్రలతో సహా తెచ్చి ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు మూలిగాడు గానీ ఇచ్చాడు.

శనివారం మళ్ళీ ఆ పద్నాలుగు మందే వచ్చారు. ఈసారి ఎవరూ పెద్దగా జోకులెయ్యలేదు. ప్రతి పలకకీ హోయ్ట్ రాసిచ్చిన కొలతకి తగ్గట్టు చిన్న గంటు కొట్టి, వెర్లిన్ వాసం పక్కన నిలబెట్టి, రెంటినీ కలిపి మేకులు దిగేశారు. ముప్ఫై రెండు జతలు. చీకటి పడేసరికి అందరి చేతులూ బొబ్బలెక్కాయి. మేకుల పెట్టె మీద ఎవరూ కూర్చోవలసిన అవసరం రాలేదు, రాస్కో తనంతట తనే "హోయ్ట్ చూశాకే చెక్కలు" అన్నాడు.

మంగళవారం ఆకాశం బూడిద రంగులో కిందికి దిగినట్టుంది. హోయ్ట్ నిచ్చెనెక్కి ఒక్కో జతనీ కొలిచాడు, ముద్రలు చూశాడు, సగం ముద్ర దగ్గర కళ్లద్దాలు పెట్టుకుని మరీ చూశాడు. దిగొచ్చి చెవిలో పెన్సిలు తీశాడు. పసుప్పచ్చ కార్డు మీద 'వాసాలు' అన్న గీత పదకొండేళ్లుగా ఖాళీ. అందులో సంతకం పెట్టాడు. కార్డు పైన యజమాని పేరు దగ్గర వెర్లిన్ లింక్విస్ట్ అని ఉంది. దాన్ని కొట్టెయ్యలేదు.

"రాస్కో వాళ్లకి ఫోన్ చేశా, చెక్కలతో వస్తున్నారు. మంచు ముదిరేలోపు కప్పేస్తారు," అన్నాడు.

"ఒకటి అడుగుతా, నిజం చెప్పు. ఆయన వాసాలు ఇప్పుడేమైనా మోస్తున్నాయా?"

హోయ్ట్ అబద్ధం చెప్పే రకం కాదు. "లెక్క ప్రకారం ఏమీ మొయ్యవమ్మా. బరువంతా కొత్తవాటిదే. పాతవి ఉన్నా లేనట్టే. కావాలంటే తీసేసుకోవచ్చు కూడా."

"కొత్తవి తెచ్చిందీ ఆయనే," అంది ఆర్డిస్. "రెండూ ఉండనీ."

ఆయన వెళ్లాక పడగ్గదిలోకి వచ్చింది. కుర్చీ తెచ్చుకోలేదు. మంచం వెయ్యాల్సిన చోట, తల ఎటు పెట్టాలనుకున్నారో అటే పెట్టి, చెక్క నేల మీద కోటు కప్పుకుని వెల్లకిలా పడుకుంది. కిటికీలో టామరాక్ కొండ ఇంకా పసుప్పచ్చగా ఉంది. వాసాల సందుల్లోంచి మంచు మొదలైంది. బుగ్గ మీద ఒకటి, పెదవి మీద ఒకటి. కింద రోడ్డు మీద రాస్కో వాళ్ల ట్రక్కులు గట్టెక్కుతున్న చప్పుడు.

ఊరికే పైకి చూస్తూ లెక్కపెట్టింది. వెర్లిన్ తెచ్చినవి ఇరవై ఆరు. రాస్కోవి ఆరు, కొంచెం ఎర్రగా ఉన్నాయి, ఇట్టే తెలిసిపోతున్నాయి. ఐదేళ్లు నాలుగేసి. చివరి రెండేళ్లూ మూడేసి. ఇంకా ఆరు. మనిషి బతికుంటే పోయిన అక్టోబరులో మూడు తెచ్చేవాడు.

ఈ అక్టోబరులో మూడు.

ఆర్డిస్ మళ్ళీ మొదట్నించీ లెక్కపెట్టింది. తప్పలేదు. ముప్ఫై రెండూ ఈ నెలతో సరిపోయేవి. దూడల్ని అమ్మి, ఆ చివరి మూడూ ట్రక్కులో వేసుకుని వచ్చి, టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని, ఏదో చెప్పబోయేవాడు.

"వచ్చేసింది వెర్లిన్," అంది పైకి చూస్తూ, మొహం మీద మంచు తుడుచుకోకుండా. "నువ్వన్న వచ్చే ఏడు. ఇదే."